కౌకూర్ దుర్గాబాయి గారి ఆర్డరు

పోయిన వారం భవితను మనం మేడ్చల్ రోడ్డు పక్కన వదిలేశాం, స్కూటీ ఆపి ఒక కాలు నేల మీద పెట్టుకుని ఉండగా. రోడ్డుకు అవతల ఆమె నాయన జనార్ధన్ కట్టించిన జయమ్మ గార్డెన్ ఫంక్షన్ హాలు. గేటు పక్కనే, రోడ్డు వైపు తెరుచుకునే ముందుగది. ఆ గది తాళంచెవిని జనార్ధన్ జేబులోంచి తీసి ఆమెతో చదివే నిఖత్ చేతిలో పెట్టాడు. పెట్టి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. ఆమె తలూపింది. భవిత స్కూటీ తిప్పుకుని ఇంటికి పోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. తాళంచెవి సంగతి సరే, తల మీద పడిన ఆ చెయ్యే ఆమెను ఎక్కువ కాల్చింది.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్లకు ఆ గది గొడవేమిటో చెప్పాలి. 2012లో మేడ్చల్‌లోని ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు శనివారాలు ఒక కొత్త కోర్సు మొదలుపెట్టారు. సొంతంగా వ్యాపారం ఎలా మొదలుపెట్టాలో నేర్పే కోర్సు. నేర్పేది వెంకటరామయ్య సారు. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. పుస్తకం చూసి చెప్పే పాఠం ఆయనకు నచ్చదు. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి నిజంగా తయారుచేసి, నిజంగా అమ్మి చూపించాల్సిందే. ఒక్కటే షరతు: చుట్టాలకు అమ్మకూడదు. "చుట్టాలకు అమ్మితే అది వ్యాపారం కాదు, చదివింపులు" అని మొదటి రోజే బోర్డు మీద రాశారు.

ప్రారంభ సభకు ముఖ్య అతిథిగా వచ్చిన లోకల్ లీడరు జనార్ధన్ మైకు పట్టుకుని ఉత్సాహపడ్డాడు. మైకు చేతికొస్తే ఆయనకు ఎప్పుడూ అంతే. కోర్సులో మొదటి స్థానం వచ్చినవాళ్లకు తన హాలు ముందుగదిని ఏడాది పాటు కిరాయి లేకుండా ఇస్తానని అందరి ముందూ చెప్పేశాడు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న భవిత అందరికంటే గట్టిగా కొట్టింది. ఆ గది తనదేనని, నాయన తన కోసమే ఆ మాటన్నాడని ఆమెకు అనుమానమే లేదు.

కానీ వ్యాపారం మొదలయ్యాక లెక్క తప్పింది. భవిత పెళ్లిళ్లలో ముత్తయిదువలకు ఇచ్చే బుట్టలు తయారుచేసింది. చిన్న వెదురు బుట్ట, అందులో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, ఇత్తడి దీపపు కుంది. బుట్టలు ముచ్చటగానే ఉన్నాయి. ప్రచారం కోసం సుచిత్ర చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టించింది. మధ్యలో చేతులు జోడించిన తన ఫొటో, పక్కన చేతులు జోడించిన నాయన ఫొటో, కింద 'మీ ఆదరణ కోరుతూ' అన్న మాట. ఇంట్లో ఏ ఫ్లెక్సీ వేసినా అలాగే వేస్తారు, ఆ పిల్లకు ఇంకో రకం ఎలా తెలుస్తుంది? జనం చూసి జనార్ధన్ కూతురు ఎన్నికల్లో నిలబడుతోందనుకున్నారు. మొదటి శనివారం బుట్టల బల్ల దగ్గరికి వచ్చిన మొదటి మనిషి బాలమణి అనే ముసలమ్మ. పింఛను కాగితం భవిత చేతిలో పెట్టి, "జర చూడు బిడ్డా" అని దండం పెట్టి పోయింది. రెండో మనిషి బోరింగు రిపేరు అడిగాడు. బుట్ట మాత్రం ఒక్కటీ కదల్లేదు.

నిఖత్‌కు ఫ్లెక్సీ లేదు, బల్ల కూడా లేదు. షామీర్‌పేట దగ్గర కౌలుకు తీసుకున్న నేలలో పూలు పండించే వహాబ్ కూతురామె. తల్లి జుబేదా పెళ్లికొడుకుల ముఖం మీద వేలాడే పూల సెహరాలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. మొహర్రం నెలలో ముస్లింల పెళ్లిళ్లు ఉండవు, సెహరాల పనీ ఉండదు. ఆ నెల సరిగ్గా కార్తీకంలో వచ్చి పడింది. ఖాళీగా ఉన్న తల్లి చేతులతో హిందువుల పెళ్లికూతుళ్లకు పూలజడలు కుట్టించి, తనూ కుట్టి, అమ్మడం మొదలుపెట్టింది నిఖత్. మూడు వారాల్లో ఆ జడలు నాగారం దాకా పోయాయి. సారు క్లాసులో ఒక జడను ఎత్తి పట్టుకుని, "ఖాళీ నెలను సీజను చేసుకుంది చూడండి" అన్నారు. భవిత ఆ జడను కళ్లల్లో నిప్పులు పోసుకుని చూసింది. ఇంటికొస్తే అక్కడా అదే పాట. "వహాబ్ బిడ్డ దమాక్ చూసినవా!" అని జనార్ధన్ అన్నం దగ్గర అంటే భవిత కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే.

ఆమె పరువు నిలబెట్టింది ఒకే ఒక ఆర్డరు. కౌకూర్ దుర్గాబాయి గారని ఒకావిడ, కూతురి పెళ్లి ఇదే హాల్లో పెట్టుకున్నదట, ఒకేసారి యాభై బుట్టలు కావాలన్నదట. ఆ కబురు తెచ్చిందీ నిఖతే, బుట్టలు ఆటోలో ఎక్కించుకుని పోయిందీ నిఖతే. ఆ ఒక్క అమ్మకంతో భవిత క్లాసులో రెండో స్థానానికి వచ్చింది. ఇక గది ఆ ఇద్దరిలో ఒకరిది. తేలేది ఈ శనివారమే.

అలాంటప్పుడు తాళంచెవి ముందే నిఖత్ చేతికి ఎలా పోయింది?

శనివారం పొద్దున కాలేజీలో అడుగుపెడుతూనే భవిత సారు గదిలోకి పోయింది. రాత్రంతా వల్లె వేసుకున్న మాటలు గబగబా చెప్పేసింది.

"సార్, మీరింకా పేరు చెప్పకముందే ముందుగది తాళం నిఖత్ తాన ఉన్నది. వాళ్లమ్మ మా హాల్లనే ఎన్నో ఏండ్ల సంది పూల పని చేస్తది. అట్ల పట్టుకున్నరు గదిని. మీరొచ్చి చూడుండ్రి సార్."

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "హాలు మీ నాన్నగారిదే కదమ్మా? తాళం ఇచ్చింది ఆయనే కదా?"

"ఎవరిచ్చినా అన్యాయం అన్యాయమే కద సార్."

"అదీ నిజమే. పదకొండింటికి వస్తాను. అక్కడే అందరి ముందూ తేల్చేద్దాం" అన్నారు సారు.

పదకొండు దాకా ఆగే ఓపిక భవితకు ఎక్కడిది? పదిన్నర దాటగానే హాలు దగ్గరుంది.

హాల్లో మర్నాటి పెళ్లికి పందిరి గుడ్డలు కడుతున్నారు. వెనక నుంచి గంగాళాలు తోముతున్న చప్పుడు. నిఖత్ ముందుగది మెట్ల మీదే కూర్చుని ఉంది. ఒళ్లో అట్టముక్క, దాని మీద సగం కుట్టిన జడ, పక్కన బకెట్ నిండా చామంతులు. తల ఎత్తి భవితను చూసి నవ్వబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయింది. ఆమె వెనక తలుపుకు తాళం వేలాడుతోంది.

"తాళంచెవి ఇయ్యి" అంది భవిత.

"ఎందుకే?"

"నా నాయిన గదికి నేను తాళం తీస్తే నీకు జవాబు చెప్పాల్నా?"

"చెప్పొద్దు గని, గియ్యాల వద్దు భవితా. రేపు అడుగు, ఇస్త."

"రేపటికి గది నీదైతది. అప్పుడెట్లిస్తవ్?" భవిత గొంతు లేచింది. పందిరి కట్టేవాళ్లు చేతులాపి ఇటు చూశారు. "నేనేం గుడ్డిదాన్ననుకున్నవా? మొన్న రోడ్డు మీది నుంచే చూసిన. నాయిన నీకు తాళమిచ్చిండు. నీ నెత్తి మీద చెయ్యి పెట్టిండు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఎన్ని దినాలైందో ఎర్కనా? ఇంట్ల నీ ముచ్చటే, క్లాసుల నీ ముచ్చటే. నిఖత్ జడ, నిఖత్ దమాక్. నేను పుట్టిన ఇంట్ల నేనే పరాయిదాన్నైన నీతోటి!"

నిఖత్ సూదిని జడలో గుచ్చి పక్కన పెట్టింది. ఆమెకూ కోపం ఉంది. కానీ కోపం చూపించేముందు ఎవరి హాల్లో కూర్చున్నానో గుర్తు చేసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఖాళీగనే ఉన్నది గది. నా సామాను ఒక్కటి గూడ లేదు దాంట్ల. నమ్ము" అంది చివరికి.

"నమ్మ."

భవిత వంగి ఆమె దుపట్టా కొంగుకు కట్టి ఉన్న తాళంచెవి పట్టుకుంది. నిఖత్ విడిపించుకోబోయింది. ముడి ఊడి చెవి భవిత చేతికొచ్చింది. రెండు అంగల్లో మెట్లెక్కి తాళం తీసి తలుపు నెట్టింది.

గది ఖాళీగా లేదు. గోడ పొడవునా బుట్టలు పేర్చి ఉన్నాయి. చిన్న వెదురు బుట్టలు. ఒక్కొక్క దాని పిడికీ ఎర్ర రిబ్బను. రిబ్బను కింద 'భవిత గిఫ్ట్స్' అని స్టిక్కరు. జాకెట్టు ముక్కల మీది ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ విప్పలేదు. భవితకు మొదట అర్థం కాలేదు. దొంగ సొత్తు దొరికిందన్నట్టు వెనక్కి తిరిగింది.

"గివి దుర్గాబాయి గారివి కదనే? ఆమెకియ్యలేదా? దాచిపెట్టినవా నువ్వు?"

"నెమ్మదిగ మాట్లాడు. ఆమె వెనకనే ఉన్నది."

"ఎవరు?"

"దుర్గాబాయి. కౌకూర్ నుంచే వస్తది రోజు. మీ హాల్ల గిన్నెలు తోముతది. నీకు పేరు తెల్వదు, గంతే." నిఖత్ గొంతు తగ్గించింది. "ఆమె బిడ్డకు లగ్గం లేదు, ఏం లేదు. ఆమెకు పిల్లలే లేరు."

భవిత గోడకు ఆనుకుంది. ఏం వినబోతోందో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. తెలిసినా ఇంకొకరి నోటితో వినే దాకా మనసు ఒప్పుకోదు.

"ఎవరు కొన్నరే?"

"మీ నాయిన."

బయట పందిరివాళ్లు ఏదో అనుకుని నవ్వుకున్నారు. భవితకు తననే నవ్వుతున్నారనిపించింది.

"ఒక్క బుట్ట గూడ పోతలేదని నువ్వు మీ అవ్వ దగ్గర ఏడ్చినవంట. జనార్ధన్ కాకకు నిద్ర పట్టలేదంట. చుట్టాలకు అమ్మొద్దు కద, అందుకని దుర్గాబాయి పేరు పెట్టిండు. నన్ను తీస్కపోయి ఈడ పెట్టమన్నడు. మొన్న నెత్తి మీద చెయ్యి పెట్టిండంటివి కద? నాతోని ఒట్టేయించుకున్నడు. 'భవితకు తెల్వనియ్యకు బిడ్డా, దాని మనసు చిన్నబోతది' అన్నడు. నా నెత్తి మీద పెట్టిండు గని ఆ చెయ్యి నీ కోసమే."

"మరి నువ్వెందుకు ఒప్పుకున్నవ్? నా మీద జాలా?"

ఆ మాటతో నిఖత్ లేచి నిలబడింది. అప్పటిదాకా దాచుకున్నది బయటికొచ్చింది.

"జాలి లేదు, ఏం లేదు. మీ నాయినకు కాదంటే రేపటి సంది ఈ హాల్ల పూల పని మా అమ్మీకి ఉంటదా? ఇంకొకటి చెప్పాల్నా? నాకు నీ మీద కుళ్లు. నీకు నా మీద ఎంతున్నదో దానికి డబల్. నేను ఏం కోర్సు చదువుతున్ననో మా అబ్బాకు తెల్వదు. క్లాసుల సారు నా జడ మెచ్చుకున్నడని చెప్తే, 'తోటల కలుపున్నది, జల్దీ రా' అన్నడు. నువ్వు ఏడిస్తే మీ నాయిన యాభై బుట్టలు కొన్నడు. నేను ఏడిస్తే ఎవరన్న ఒక్క బుట్ట కొంటరానే? ఈ బుట్టలు ఆటోల పెడుతుంటే ఒక్కొక్కటి నేలకేసి కొట్టాలనిపించింది. కసం!"

తనను చూసి కుళ్లుకునేవాళ్లు కూడా ఉంటారని భవిత ఎన్నడూ అనుకోలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఆ పొరుగింటివాళ్లు కూడా ఇటే చూస్తూ లొట్టలేస్తారని ఎవరికి తోస్తుంది? రెండు నిమిషాల కింద ఆ పిల్ల జుట్టు పట్టుకుందామనుకున్న చేతులు చల్లబడ్డాయి. ఏదో అనబోయింది. మంచి మాటే అయ్యుండొచ్చు.

అప్పుడే గేట్లో స్కూటరు ఆగింది. సారు చెప్పిన టైముకు పది నిమిషాలు ముందే వచ్చారు. బ్యాంకు అలవాటు.

"తలుపు మూసెయ్" అని గుసగుసగా అంది భవిత. అప్పటికే ఆయన మెట్లెక్కారు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, బుట్టలు చూశారు. వంగి స్టిక్కరు చదివారు.

"ఇవి దుర్గాబాయి గారు కొన్నవి కదా? ఇక్కడెందుకున్నాయి?"

రమ్మని పిలిచింది భవితే. చూడమని బతిమాలింది తనే. ఇప్పుడు ఒక్క నిజం బయటికొస్తే తన ఒక్కగానొక్క అమ్మకం చదివింపుల్లో కలిసిపోతుంది. గదీ పోతుంది. నాయన పరువూ పోతుంది.

"నేను కొన్న సార్" అంది నిఖత్.

సారు అటు తిరిగారు.

"దుర్గాబాయి పేరు మీద నేనే కొన్న. భవితకు తెలిస్తే రేటు పెంచుతదని చెప్పలేదు. పూలజడ తీస్కునేటోళ్లకు బుట్టలు గూడ కలిపి ఇద్దామని. పెండ్లిళ్లకు రెండూ కావాలె కద సార్. ఒక్క తాననే దొరికితే వాళ్లకు తిరుగుడు తప్పుతది."

ఇచ్చిన ఒట్టు నిలబెట్టుకోవడానికి అప్పటికప్పుడు అల్లిన అబద్ధం అది. కానీ సారు ముఖం వెలిగిపోయింది. పన్నెండు వారాలుగా ఇలాంటి మాట ఒక్కటి ఎవరి నోటి వెంటైనా వస్తుందా అని ఎదురుచూస్తున్న మనిషాయన.

"శభాష్! పక్కవాడి సరుకును తన సరుకుతో కలిపి అమ్మడం! నేను చెప్పని పాఠం ఇది. ఇంక ఆలోచించేదేముందమ్మా? గది నిఖత్‌దే."

చూశారా ఎలా ఉందో! నాయన డబ్బుతో కొన్న బుట్టలు. తను రిబ్బన్లు కట్టిన బుట్టలు. తన పరువు కోసం ఆడిన అబద్ధం. దానికీ శభాష్ ఆ పిల్లకే! ఇప్పుడిప్పుడే మెత్తబడుతున్న భవిత మనసులో మళ్లీ మంట లేచింది. కాపాడడంలో కూడా తనకంటే అదే గొప్పదా? ఇక జీవితాంతం తను ఆ పిల్లకు రుణపడి తలవంచుకోవాలా?

గేట్లోకి జనార్ధన్ కారు వచ్చింది. సారును చూసి ఆయన నవ్వుతూ దిగాడు. గది తలుపు తెరిచి ఉండడం చూసి నవ్వు తగ్గింది.

"రండి జనార్ధన్ గారూ, సరిగ్గా వేళకు వచ్చారు. మీ గది ఎవరికో తేలిపోయింది. ఈ అమ్మాయి..."

"సార్, అది అబద్ధం" అంది భవిత.

అందరూ ఆమె వైపు తిరిగారు. నిఖత్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ వద్దనడం కూడా భవితకు పెద్దరికంలాగే కనిపించింది.

"నిఖత్ కొనలేదు. గివి మా నాయిన కొన్నడు. నేను ఓడిపోతనని దొంగపేరు పెట్టి కొన్నడు. నా అమ్మకం కొట్టెయ్యుండ్రి సార్. ఆమెకు గూడ గది ఇయ్యొద్దు. మీతోని అబద్ధం చెప్పింది."

నిజం చెప్పడానికి ధైర్యం కావాలంటారు పెద్దలు. భవితకు ఆ రోజు అసూయ సరిపోయింది.

సారు జనార్ధన్ వైపు చూశారు. జనార్ధన్ కూతురి వైపు చూశాడు. సభల్లో మైకు ముందు తడబడని మనిషి, మెడ మీది కండువా సర్దుకుని, మళ్లీ సర్దుకున్నాడు. నిఖత్ ఏం చెప్పిందో ఆయనకు తెలియదు. కూతురు ఇందాకే తన నోటితో తన అమ్మకాన్ని ముంచుకుందని మాత్రం తెలుసు.

"పోరి ఏదో పరేషాన్ల ఉన్నది సార్" అన్నాడు. "నేనెందుకు కొంట? నాకేం పని బుట్టలతోని? దుర్గాబాయే కొన్నది, ఈ హాల్లనే వెనక పని చేస్తది. ఆమె ఇంట్ల జాగ లేదని ఈడ పెట్టుకుంటనంటే నేనే తాళమిచ్చిన. నా బిడ్డ కష్టపడి అమ్మింది సార్ గవి. ఒక్కటి గూడ నేను కొనలె."

"నాయినా!"

"నువ్వు ఊకో భవితా."

ఇన్నాళ్లుగా ఆమె వినాలని కోరుకున్న మాట అదే, నా బిడ్డ కష్టపడింది అని. ఇంత కాలానికి నాయన నోటి వెంట వచ్చింది, అదీ ఆమెను అబద్ధాలకోరును చేస్తూ వచ్చింది. భవితకు ఏడుపు ఆగలేదు.

వెంకటరామయ్య సారు ముఖంలో ఇందాకటి వెలుగు లేదు. "ముగ్గురు మూడు మాటలు చెప్పారు" అన్నారు మెల్లగా. "కొన్నావిడ ఇక్కడే ఉందంటున్నారుగా. ఆవిణ్నే అడుగుదాం."

ఎవరూ కదల్లేదు. చివరికి ఆయనే హాలు పక్కసందు వైపు వెళ్లి పిలిచారు. గంగాళాల చప్పుడు ఆగింది. దుర్గాబాయి వచ్చింది. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా బూడిద. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెట్ల కిందే నిలబడింది.

"ఈ బుట్టలు నువ్వే కొన్నావా అమ్మా?"

ఆమె ఒక్కసారి జనార్ధన్ ముఖం చూసి, తల దించుకుని, ఎన్నోసార్లు నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"నేనే కొన్న సారూ. నా బిడ్డ లగ్గానికి."

భవిత ఏడుపు ఠక్కున ఆగిపోయింది. నిఖత్ ముఖం పక్కకు తిప్పుకుంది. కడుపు పండని మనిషి చేత ఆ మాట పలికించారు, భవిత బుట్టల కోసం.

"మంచిది" అన్నారు సారు. జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీశారు. "అమ్మాయి పేరేమిటమ్మా? రాసుకుంటాను."

దుర్గాబాయి మళ్లీ జనార్ధన్ వైపు చూసింది. ఆమెకు పేరు ఎవరూ నేర్పలేదు.